క్లచ్చి లేని బండి

ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో, నేనొక రవాణా కాంట్రాక్టరు దగ్గర గ్యారేజీ సూపర్‌వైజరుగా ఉండేవాణ్ని. ఓడల్లో దిగిన యంత్రాలను పోర్టు నుంచి ప్లాంటు సైటుకు చేర్చడం మా కంపెనీ పని. ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు పట్టుకుని గోదావరి జిల్లా నుంచి వచ్చిన నాకు, చేతికి గ్రీజంటకుండా జీతం తీసుకోవడం అప్పటికే బాగా అలవాటైంది.

ఒక వేసవి ముందు కంపెనీ విదేశీ లాగుడు బండి ఒకటి సెకండ్‌హ్యాండులో తెప్పించింది. వెనక ట్రైలరు తగిలిస్తే ఇల్లంత యంత్రాన్నయినా లాక్కుపోతుంది. జనం మూగి చూసింది మాత్రం దాని బలాన్ని కాదు, డ్రైవరు కాళ్ల దగ్గర ఖాళీని. అక్కడ క్లచ్చి లేదు. గేర్లు వాటంతటవే మారతాయి.

మా మేనేజరు పొంగిపోయాడు. ఆయనకు ఇంజన్ల గురించి తెలిసిందల్లా బానెట్టు ఎటు తెరుచుకుంటుందన్నదే. అదీ మొదటిసారి తప్పేవాడు.

"క్లచ్చే లేనప్పుడు డ్రైవరుకి పనేముందయ్యా?" అన్నాడు నాతో. "స్టీరింగు పట్టుకుని కూర్చోవడమే. ఎవణ్ణో ఒకణ్ణి ఎక్కించు."

ఆ ఎవడో ఒకడు ఎవడూ రాలేదు. తెలియని బండి పాడైతే తమ మీదకొస్తుందని అందరూ తప్పుకున్నారు. చివరికి సబ్బవరం దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక డ్రైవరు ఒప్పుకున్నాడు. నలభై దాటినవాడు. కుర్రతనంలో ఎడ్లబండి తోలాడు, తర్వాత పోర్టులో లారీ నడిపాడు. నన్ను మేనేజరు ముందు సార్ అనేవాడు, గ్యారేజీలో బావా అనేవాడు.

బండితోపాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. మేనేజరు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను దాన్ని అడిగి తెచ్చి, మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళ డ్రైవరుకు రోజూ రెండేసి పేజీలు చదివి చెప్పేవాణ్ని. సూపర్‌వైజరు హోదాలో చదవడం నా వంతు, అర్థం చేసుకోవడం అతని వంతు.

మామూలు బండిలో క్లచ్చి చేసే పని ఇందులో నూనె చేస్తుంది. పెద్ద బరువును నెమ్మదిగా ఎత్తు మీదికి లాగేటప్పుడు ఆ నూనె లోపల చిలకబడి కాగిపోతుంది. కాగిన నూనె గొట్టాల్లోంచి బండి ముందున్న జాలీలోకి వచ్చి, గాలి తగిలి చల్లబడి, మళ్లీ గేర్‌బాక్సులోకి పోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు బండికే వదిలేయకుండా చేత్తో లో గేరు వేయాలి. బరువు లాగి ఆపాక ఇంజను వెంటనే కట్టేయకుండా న్యూట్రల్లో కాసేపు తిరగనివ్వాలి.

అంతా విని డ్రైవరు తలూపాడు. "ఇందులో కొత్తేటుంది బావా? ఎత్తెక్కొచ్చిన ఎద్దుని అలాగే కట్టీసి ఎల్లిపోతామేటి? కాసేపు నిలబెట్టి రొప్పు తీరనిత్తాం. ఆ పుస్తకం రాసిన తెల్లోడెవడో ఎద్దుల్ని తోలినోడే."

మొదటి రెండు నెలలూ బండి బంగారంలా నడిచింది. అప్పుడు మేనేజరుకు దాని మీద ప్రేమ ఎక్కువైంది. రేకు మీద బోర్డు రాయించాడు. పైన కంపెనీ పేరు, కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో తన పేరు, హోదా. కొబ్బరికాయ కొట్టి దాన్ని బండి ముందు, సరిగ్గా ఆ జాలీకి అడ్డంగా బిగించారు. బిగించింది నా మనుషులే. స్పానరు అందించింది నేనే.

పదిహేను రోజులకు డ్రైవరు నన్ను బండి దగ్గరికి పిలిచాడు. గేర్‌బాక్సు నూనె కొలిచే పుల్ల తీసి తెల్లగుడ్డ మీద తుడిచాడు.

"సూడు బావా. మొన్నటిదాకా గోరింటాకు పండినట్టుండీది. ఇప్పుడు సింతపండు పులుసులాగుంది. వాసన సూడు."

మాడిన పోపు వాసన. నాకు వాసన తెలిసింది, కారణం తెలిసింది. ఆ కారణాన్ని బోర్డు మీది పేరు గలాయన దగ్గరికి తీసుకెళ్లడం ఎలాగో మాత్రం తెలియలేదు. అయినా వెళ్లాను.

"బోర్డు గాలికి అడ్డమవుతోంది సార్. పక్క తలుపు మీద రాయిద్దాం."

"పక్కన రాస్తే ఎదురొచ్చేవాడు ఎలా చదువుతాడు?"

"గేర్‌బాక్సు వేడెక్కిపోతోంది సార్."

"వైజాగ్‌లో వేడెక్కనిది ఏముందయ్యా? నీళ్లు చల్లించు."

రెండు బకెట్లు తగిలించుకుని తిరిగొచ్చాను. డ్రైవరు వాటిని చూసి నవ్వలేదు. "జొరమొచ్చినోడికి సొక్కా తడిపితే జొరం తగ్గుద్దేటి?" అన్నాడు. అప్పట్నుంచి ఎత్తులో నత్తలా లో గేరులోనే ఎక్కేవాడు. పైకి చేరాక ఇంజను ఆపకుండా పది నిమిషాలు నిలబెట్టేవాడు. బండి బతికిందంటే ఆ పది నిమిషాల వల్లే.

ఆ పది నిమిషాలే ఒకరోజు జీపులో పోతున్న మేనేజరు కంట పడ్డాయి. డీజిలు పొదుపు మీద పై ఆఫీసు నుంచి కాగితాలొస్తున్న కాలమది. మర్నాడే మెమో వచ్చింది. బండి ఆగిన వెంటనే ఇంజను కట్టేయాలి. ఆటోమేటిక్ బండిలో డ్రైవరు సొంతంగా గేరు వేయకూడదు. మెమో చదివి వినిపించింది కూడా నేనే.

"రాసిచ్చీసేరు కదా," అన్నాడు డ్రైవరు. "రాసినట్టే తోల్తాను."

రాసినట్టే తోలాడు. బండి పట్టుమని పన్నెండు రోజులు నడిచింది.

మే నెల మిట్టమధ్యాహ్నం. హెడ్డాఫీసు పెద్దలు సైటు చూడ్డానికి వచ్చారు. వాళ్లు చూస్తుండగా మా బండి ఓ పెద్ద మోటారును లాక్కుంటూ గేటు దాటగానే ఉన్న మట్టి ఎత్తు ఎక్కాలి. మేనేజరు షామియానా కింద కుర్చీలు వేయించి, అందరికీ నిమ్మరసం ఇప్పించాడు. బండి సగం ఎత్తు ఎక్కింది. ఇంజను అరుస్తోంది, చక్రాలు తిరగడం లేదు. కిందనుంచి పొగ లేచింది. కాగిన నూనె బుసబుసమని పొంగి మట్టి మీద కారింది. మాడు వాసన షామియానా దాకా పాకింది. పెద్దలు నిమ్మరసం గ్లాసులు కింద పెట్టి రుమాళ్లు తీశారు.

డ్రైవరు బ్రేకు బిగించి దూకి, తనే చక్రాల వెనక చెక్కదిమ్మలు పెట్టాడు. లేకపోతే మోటారూ, ట్రైలరూ వెనక్కి జారి గేటు మీద పడేవి. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏం చేశావురా బండిని?"

"తమరు రాసిందే సేసేను సార్."

రిపోర్టు రాయమన్నారు. 'నూనె అధికంగా వేడెక్కడం వల్ల' అని రాశాను. ఎందుకు వేడెక్కిందో రాయలేదు. ఆ మాత్రం గోడమీద పిల్లి వాటం కూడా మేనేజరుకు చాల్లేదు. 'డ్రైవరు అజాగ్రత్త వల్ల' అని తనే చెప్పి రాయించి పెన్ను నా చేతిలో పెట్టాడు. కంపెనీ క్వార్టర్సు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో నా పేరు మూడోది. సంతకం పెట్టాను. చక్కగా, గుండ్రంగా వచ్చింది.

డ్రైవరును నీళ్ల ట్యాంకరుకు మార్చారు. మర్నాడు కొళాయి దగ్గర ఎదురుపడితే పక్కకు జరిగి దారిచ్చాడు. "ఎల్లండి సార్," అన్నాడు. చుట్టుపక్కల మేనేజరు లేడు, ఎవరూ లేరు.

వర్షాలు పడ్డాక కొత్త గేర్‌బాక్సుతో బొంబాయి నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. పాతదాన్ని విప్పకముందే బండి ముందు నిలబడి, ఇదేమిటని బోర్డు చూపించాడు.

"ఐడెంటిఫికేషన్," అన్నాడు మేనేజరు.

అతను జేబులోంచి స్పానరు తీసి, బోర్డు ఊడదీసి గోడకు ఆనించాడు. దాని వెనక జాలీ నిండా సిమెంటు దుమ్ము, మెత్తిన పేడలా. తర్వాత గేర్‌బాక్సు విప్పి, ఇంత గాలాడని బండి అన్ని రోజులు ఎలా బతికిందని ఆశ్చర్యపోయాడు. అప్పుడు చెప్పాను, మేనేజరు వింటుండగానే. లో గేరు సంగతీ, పది నిమిషాల సంగతీ, మెమో సంగతీ. నా ధైర్యం ఎప్పుడూ పక్కవాడి భుజం మీంచే మాట్లాడుతుంది.

టెక్నీషియన్ అదంతా కాగితం మీద పెట్టి, జాలీ ముందు ఏదైనా అడ్డం కడితే తమకు బాధ్యత లేదన్నాడు. వారం తిరక్కుండా, జాలీకి ఏదీ అడ్డం కట్టరాదని మేనేజరు సర్క్యులరు తీశాడు. 'నా పరిశీలనలో తేలినది ఏమనగా' అని మొదలైంది. ఆ డ్రైవరునే మళ్లీ ఎక్కించమని కబురు చేశాడు.

డ్రైవరు ట్యాంకరు దిగలేదు. "రాసిచ్చి దింపేరు, రాసిచ్చి ఎక్కించమనండి. నా తప్పు నేదని ఉండాల."

మేనేజరు రెండు రోజులు గింజుకున్నాడు. మూడో రోజు లోడు ఓడలోంచి దిగింది. కాగితం రాసే పని నాకే పడింది. ఈసారి బోర్డు గురించీ, మెమో గురించీ విడమరిచి రాశాను. మేనేజరు చదవకుండానే సంతకం చేశాడు. చదివే అలవాటు ఆయనకు లేకపోవడం ఆ కంపెనీకి జరిగిన ఏకైక మేలు.

డ్రైవరు ఆ కాగితాన్ని షెడ్డులో మిగతా డ్రైవర్లందరి ముందూ నాచేత చదివించాడు. "మల్లీ సదవండి సార్," అన్నాడు. మళ్లీ చదివాను. అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బ్రష్షూ, నీళ్ల గొట్టం తీసుకుని, బండి ముందు గొంతుక్కూర్చుని జాలీ కడగడం మొదలుపెట్టాడు.