ఉప్పు తగినంత

వంటసామాను మీద నాకున్నన్ని అభిప్రాయాలు వంట మీద ఎప్పుడూ లేవు. మార్కాపురం బజారులో మాది స్టీలు సామాను దుకాణం. ఏ కుక్కర్ కొనాలి, బాండలి అడుగు ఎంత మందం ఉండాలి, పప్పుగుత్తి చెక్కది మంచిదా స్టీలుదా అని అడిగినవాళ్లందరికీ ఇన్నేళ్లూ తడుముకోకుండా జవాబులు చెప్పాను. వాటిలో ఒక్కటి కూడా చెయ్యి కాల్చుకుని తెలుసుకున్నది కాదు. అమ్మేవాడు అనుమానపడితే కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు కాబట్టి, అనుమానం లేనట్టు మాట్లాడడం అలవాటైపోయింది.

నా భార్య పొదిలి దగ్గర బడిలో టీచరు. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గాని ఇల్లు చేరదు. పిల్లలు చదువులకు వెళ్లాక, పొద్దుటిపూట దుకాణం తమ్ముడు చూసుకోవడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం వంట నేను తీసుకున్నాను. ఎవరూ అడగలేదు. అంతకాలం చెప్పిన మాటలు నిజమో కాదో చూసుకోవాలనిపించింది.

చాలావరకు నిజం కావని తేలింది. నాన్‌స్టిక్ బాండలిలో పోపు వేస్తే ఆవాలు చిటపటలాడవు, ఏదో ఆలోచిస్తున్నట్టు కూర్చుంటాయి. స్టీలు పప్పుగుత్తి గిన్నెను గీకుతుంది గాని పప్పును మెదపదు. నేనేమో చెక్కవి పాతకాలపు సరుకని చెప్పి స్టీలువి అంటగట్టాను. రోటి పచ్చడి రుచే వేరని అందరూ అంటారు, నేనూ అంటాను. మా రోలు మాత్రం పెరట్లో ఉంది, దాని మీద బట్టల బకెట్ పెడతాం. ఇక కందిపప్పు. మా వైపు కందులకు వంక పెట్టడానికి లేదు. కాని మా బోరు నీళ్లలో ఎన్ని కూతలు వేయించినా పప్పు పలుకు పలుకుగానే ఉంటుంది. తాగే నీళ్ల క్యాను వంచి పప్పుకు పోయాలి. కొత్త కుక్కర్ కొన్నా పప్పు ఉడకడం లేదని వచ్చిన ఎంతమంది ఆడవాళ్లకు రబ్బరు రింగు మార్చి పంపానో, తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వంటల పుస్తకాలు కూడా కొన్నాను. వాటి మీద నా ఫిర్యాదు ఒక్కటే. పసుపు చిటికెడు, జీలకర్ర అర చెంచా, ఇంగువ ఇంత అని అంతా కొలిచి రాస్తారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి 'తగినంత' అంటారు. ఎవరికి తగినంత? ఆ సంగతి నాకు ఫోనులో వంట వీడియోలు చూశాకే అర్థమైంది. వాళ్లు గరిటె ముంచి, ఉఫ్‌మని ఊది, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని తల ఊపుతారు. తగినంత అంటే అదన్నమాట అనుకున్నాను. నేనూ అలాగే ముంచి, ఊది, తల ఊపడం నేర్చుకున్నాను.

ఇలా ఉండగా మా అత్తగారు మా ఇంటికి వచ్చారు. గిద్దలూరులో కొడుకు దగ్గర ఉంటారు. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కకూడదన్నారు. వాళ్ల ఇల్లు మేడ మీద, మాది నేల మీద. అందుకని ఇక్కడికి తీసుకొచ్చాం. డాక్టరు మాకు నొక్కి చెప్పింది ఒకే మాట: తినాలి. తినకపోతే కండ పట్టదు, కండ పట్టకపోతే లేచి నడవలేరు, మంచానికి అంటుకుపోతారు.

హాల్లో మంచం వేశాం. అక్కడినుంచి వంటింటి గుమ్మం సూటిగా కనిపిస్తుంది. ఆమె నాతో మాట్లాడిందే తక్కువ. పెళ్లయిన ఇన్నేళ్లకు కూడా నేను గదిలోకి వస్తే కొంగు సర్దుకుంటారు. అలాంటి మనిషికి మధ్యాహ్నం పూట అన్నం పెట్టే పని అల్లుడి మీద పడింది.

మొదటిరోజు టమాటా పప్పు, బెండకాయ వేపుడు చేశాను. కంచం ఇచ్చి ఎదురుగా నిలబడ్డాను. ఆమె అన్నం తిన్నారు, పెరుగు తిన్నారు, మామిడికాయ ఊరగాయ నంజుకున్నారు. పప్పూ వేపుడూ కంచం అంచున వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"బాగుంది నాయనా. కడుపు నిండింది" అన్నారు.

రెండోరోజూ అంతే. ఆ తర్వాత కూడా అంతే. అన్నం, పెరుగు, ఊరగాయ, అరటిపండు. నేను చేసిన కూరలన్నీ అంచుకు చేరేవి. రాత్రి కూతురు చేసిన పప్పూ రొట్టే మాత్రం తినేవారు, తక్కువే అయినా.

నాకు దిక్కు తోచలేదు. పప్పు ఉడకలేదేమోనని క్యాను నీళ్లు రెండింతలు పోసి జావలా చేశాను. కారం ఎక్కువైందేమోనని మిరపకాయలు మార్చాను. గిన్నె వాసనేమోనని దుకాణం నుంచి ఇత్తడి గిన్నె తెచ్చి కళాయి పోయించాను. రోలు మీది బకెట్ దించి, కడిగి, గోంగూర నూరాను. వీపు పట్టేసింది. ఆ గోంగూర కూడా అంచుకే పోయింది. ప్రతిరోజూ ఎదురుగా నిలబడి ఆమె నోటివంక చూసేవాణ్ని, ఒక్క ముద్దయినా వెళుతుందేమోనని.

ఒక సాయంత్రం భార్య బస్సు దిగి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. నేను అనకూడని మాట అన్నాను.

"మీ అమ్మకు అల్లుడు వండితే నామోషీ. నువ్వు చేస్తే మాత్రం దిగుతాది."

ఆమె నా వంక చూసి, సంచి కింద పెట్టింది.

"మీకెప్పుడూ మీ వంట సంగతే. ఆమె గాజులు మోచేతి దాకా జారతాండాయి, అది చూసినారా?"

చూడలేదు. నేను చూసింది కంచాన్ని.

ఆ ఆదివారం మా మరదలు పామూరు నుంచి తల్లిని చూడడానికి వచ్చింది. నా భార్య బజారుకు వెళ్లింది. నేను వంటింట్లో పులుసు పెడుతున్నాను. మరదలు గుమ్మంలో నిలబడి అరలన్నీ పైకీ కిందికీ చూసింది.

"ఏంది బావా, దుకాణం మూసేసి సరుకంతా ఇంట్లోకి తెచ్చినావా?"

"అమ్ముడుపోనివన్నీ ఇక్కడుండాయిలే."

"మా అక్కను గూడా అందుకే ఇక్కడ పెట్టుకున్నావా?"

నవ్వుతూ గరిటె ముంచాను. ఊదాను. నోట పెట్టుకుని, ఉప్పు సరిపోయిందని తల ఊపి, గరిటె పులుసులో పెట్టి కలిపాను.

"అయ్యయ్యో! బావా! ఏంది నువ్వు చేసింది?"

"ఉప్పు చూసినా."

"మూతికి పెట్టింది మళ్లా దాంట్లోనే పెడ్తావా? పులుసంతా ఎంగిలి గాదా?"

"ఉడికేదానికి ఎంగిలేంది?"

ఆమె తల తిప్పి హాల్లోకి చూసింది. మంచం మీద వాళ్లమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మరదలు గొంతు తగ్గించింది.

"ఎన్ని దినాల నుంచి ఇట్ల?"

"ముందునుంచి ఇట్లనే."

"అయితే ఇంగ ఆమె యాడ తింటాది బావా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"నాకొక మాట చెప్పొచ్చు గదా?"

"అల్లునికా? నువ్వొండింది ఎంగిలని మా అమ్మ చెప్తాదా? చస్తే చెప్పదు."

నాకు ఎంగిలి తెలియదని కాదు. నీళ్ల సీసా మూతికి ఆనించుకుని తాగితే పిల్లల్ని ఎన్నిసార్లు కసిరానో. ఎత్తి తాగండి, ఎంగిలి చేయకండి అని. కాని ఎంగిలంటే కంచంలోదీ గ్లాసులోదీ అనుకున్నాను. పొయ్యి మీది గిన్నెకు అది వర్తిస్తుందని నా బుర్రకు తట్టలేదు. మా అమ్మ రుచి ఎలా చూసేదో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకునేదా, అసలు చూసేదే కాదా? గుర్తు రాలేదు. ఆమె వండుతున్నప్పుడు నేను వంటింట్లో ఎప్పుడూ లేను. ఆ అన్నాలన్నీ తిన్నాను, అవి ఎలా తయారవుతాయో ఒక్కపూటా చూడలేదు.

ఆ పులుసు పారబోసి మరదలు మళ్లీ పెట్టింది. వాళ్లమ్మ తిన్నారు. కూతురు వండినందుకు తిన్నారా, కూతుర్ని చూసిన సంతోషానికి తిన్నారా, ఎంగిలి కానందుకు తిన్నారా? నాకు తెలియలేదు.

మరుసటి రోజు నుంచి రుచి చూడడం మానేశాను. పుస్తకంలోని 'తగినంత' ముందు గుడ్డివాడిలా నిలబడ్డాను. ఒకరోజు చారు సముద్రమైంది. ఒకరోజు కూరలో ఉప్పే లేదు. అరచేతిలో చుక్క వేసుకోబోతే చెయ్యి కాలింది, చల్లారేదాకా ఆగితే ఉప్పు వేరేగా తెలిసింది. అత్తగారు మాత్రం ఒకరోజు పప్పు కలుపుకునేవారు, ఒకరోజు ముట్టుకునేవారు కాదు. నేను ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాను. గరిటె శుద్ధంగా ఉంది, అయినా ఎందుకు తినరు? తప్పు దొరికింది గాని దాంతోపాటు దొరకాల్సిన విరుగుడు దొరకలేదు.

తర్వాత ఒకరోజు దోసకాయ పప్పు చేస్తున్నాను. దుకాణం నుంచి తమ్ముడు ఫోను. కుక్కర్ల లోడు వచ్చింది, ఎక్కడ దించాలని గోల. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతూ గిన్నె కలుపుతున్నాను. మాట్లాడడం అయిపోయి ఫోను పెట్టేశాక, నా నాలుక మీద దోసకాయ పులుపు తెలిసింది. గరిటె గిన్నెలోనే ఉంది.

హాల్లోకి చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఉన్నారు. మాత్రల వేళయింది. అన్నం తిన్నాకే వేసుకోవాలి. పారబోసి మళ్లీ వండడానికి పప్పు ఉంది, నీళ్లున్నాయి, టైము కూడా చూసుకుంటే ఉండేదే. నాకు బద్ధకమేసింది. చూడలేదు కదా అనుకున్నాను. అలా అనుకున్నవాణ్ని నేనే. ఆ సంగతి ఎవరి మీదకూ తొయ్యలేను.

పెట్టేశాను. ఆరోజు నేను ఎదురుగా నిలబడలేకపోయాను. మంచం పక్క కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడ్డాను. వెనకాల కంచం చప్పుడు వినిపిస్తోంది.

"నాయనా, కొంచెం పప్పు మారు పెట్టండి."

వచ్చిన దగ్గర్నుంచి ఆమె నన్ను మారు అడగలేదు. కంచంలో అన్నం దాదాపు అయిపోయింది. నేను గిన్నె తెచ్చి, గరిటె ముంచి, ఎత్తి, అక్కడే ఆగిపోయాను.

"అత్తా, ఇది ఎంగిలి. ఫోన్లో మాట్లాడతా రుచి చూసినా. తెలిసే పెట్టినా మీకు."

ఆమె కంచంలోకి చూశారు. తర్వాత గిన్నెలోకి.

"చూసినారా?"

"చూసినా."

"చూసి గూడా ఉప్పు ఇంత తక్కువేసినారా నాయనా?"

ఆమె కంచం అంచున మజ్జిగకని వేసిన ఉప్పు చిటికెడు తీసి, మిగిలిన అన్నంలో కలిపి, ఆ రెండు ముద్దలూ తినేశారు. మారు మాత్రం వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. మజ్జిగ పొయ్యమన్నారు. తిన్నదీ ఆ పప్పే, వద్దన్నదీ ఆ పప్పే.

"ఇన్ని దినాలు తినంది దీనికేనా అత్తా?" అని అడిగేశాను.

"ఏమో నాయనా. కొన్ని దినాలు దానికే. కొన్ని దినాలు కాలు నొప్పికి నోరు చేదు." కొంగు సర్దుకుని, నా వంక కాకుండా గోడ వంక చూస్తూ అన్నారు. "మీరు ఎదురుగా నిలబడి నా నోరు చూస్తాంటే ముద్ద యాడ దిగుతాది?"

ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నాను, ఆమె నోరే చూస్తూ.

మర్నాడు గిన్నె కొత్తగా కడిగి ఆకుకూర పప్పు వండాను. రుచి చూడలేదు. ఉప్పు చేతికొచ్చినంత వేశాను. కంచం ఆమె చేతికిచ్చి వంటింట్లోకి వచ్చి, గట్టు వైపు తిరిగి నిలబడ్డాను. గరిటెలు తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను. తింటున్నారో, పప్పు అంచుకు తోస్తున్నారో తెలియడం లేదు. తల తిప్పాలని మెడ లాగుతోంది. కంచానికి గాజు తగిలిన చప్పుడు ఒకసారి వినిపించింది, మళ్లీ వినిపించింది. కలుపుకుంటున్నారా, పక్కకు నెడుతున్నారా? రెండింటికీ చప్పుడు ఒకటేలా ఉంటుందేమో.

"నాయనా."

"ఆ, అత్తా."

"ఇంకొంచెం ఉప్పు తేండి. ఈ దినం అసలే ఏసినట్టు లేదు."

ఉప్పు డబ్బా తీసుకుని నేల చూస్తూ వెళ్లాను.