దవాఖాన పరీక్షకు ట్యూషన్

మా అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. బావ ఉద్యోగం జిల్లాల వెంట తిరగడం కాబట్టి అక్కా, పిల్లా ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే ఉండేవారు. పిల్ల పుస్తకం ముందు రెండు నిమిషాలు కుదురుగా కూర్చునేది కాదు. కూర్చున్నా ఒక్క లైను చదవలేకపోయేది. ఈ సంగతి బడిలో రెండేళ్ళ దాకా ఎవరూ కనిపెట్టలేదు. విన్న పాఠాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పేది మరి. ఆ బడిలో చదువంటే అదే.

బడంటే దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు, దాని మీద రేకుల షెడ్డు. బోర్డు మాత్రం ఇంటికంటే వెడల్పు. హెడ్‌మిస్ట్రెస్ గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ. ఒకరోజు అక్కను పిలిపించి, "మీ పాపకి బుర్రలో ఏదో తేడా ఉందండీ. బాగానే ఉందని డాక్టరు చేత రాయించుకు రండి, లేదంటే టీసీ పట్టుకెళ్ళండి" అన్నది.

అక్క ఇంటికొచ్చి ఏడ్చింది. నాయన మాత్రం తాపీగా విన్నాడు. పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం. సంతకమూ ముద్రా ఉన్న కాగితంతో తీరని కష్టం లోకంలో ఉంటుందని ఆయన నమ్మేవాడు కాదు.

మలక్‌పేట అవతల ఇలాంటి పిల్లలను చూసే డాక్టరమ్మ ఉందని తెలిసి బయల్దేరాం. కాలనీలో మాత్రం పంటి దవాఖానకని చెప్పాం. ఒక్క పాలపన్ను కోసం నలుగురం బస్సెక్కడం ఎవరికీ వింతగా తోచలేదు. తిరిగొచ్చాక పక్కింటావిడ పిల్ల నోరు తెరిపించి చూసి, మంచిగనే పీకిండ్రని మెచ్చుకుంది కూడా.

డాక్టరమ్మ ఎరుపూ తెలుపూ చెక్కముక్కలు పేర్చమంది. బొమ్మలు చూపించి ఏది తక్కువైందో చెప్పమంది. అంకెలు వెనక నుంచి అనమంది. సంతకు పోయిన మేక కథ ఒకటి చదవమంది. అక్కడికి వచ్చేసరికి పిల్ల బల్ల కిందికి దూరింది. బెదిరిపోయింది, పదిహేను రోజులాగి మళ్ళీ మొదటి నుంచి చేద్దామన్నది డాక్టరమ్మ.

తలుపు పక్క బెంచీ మీంచి నేనూ నాయనా అంతా చూస్తూనే ఉన్నాం. బయటికి రాగానే ఆయన, "పేపర్ లీకయినట్లే గదరా. పదైదు దినాలున్నయ్, జర తయారు చెయ్యి" అన్నాడు.

డిగ్రీలో ఒక పేపరు తప్పి ఖాళీగా ఉన్నవాడిని. అందుకే ట్యూషన్ చెప్పే అర్హత నాకే ఉందని ఇంట్లో తేల్చారు. ప్రతి రెండో ప్లాటులో వడ్రంగి పని నడుస్తోంది కాబట్టి చెక్కముక్కలకు కరువు లేదు. రంగులు నేనే పూశాను. పిల్లను బల్ల కింది నుంచి లాగేటప్పుడు నేను చదివేసిన మేక కథ బట్టీ పట్టించాను. బల్ల కిందికి దూరకుండా ఉంటే రోజుకో పిప్పరమెంటు. ఊళ్ళో అందరూ ఎంట్రన్సులకు కోచింగిస్తుంటే, మేము జబ్బు పరీక్షకు ఇచ్చాం.

పిల్ల దుమ్ము లేపింది. పోయినసారి నిజంగానే భయపడిందన్నమాట అని డాక్టరమ్మ సంతోషపడింది. తెలివి సగటుకు మించి ఉంది, చదవడంలో ఇబ్బంది కనబడలేదు అని రాసిచ్చింది. నాయన దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఆ కాగితానికి మూడు జిరాక్సులు తీయించాడు. మా వంశంలో దవాఖానలో ఫస్టు వచ్చింది ఆ పిల్లే.

హెడ్‌మిస్ట్రెస్ కాగితం రెండుసార్లు చదివింది. "అయితే తెలివుంది, ఒళ్ళు వంచట్లేదన్నమాట" అన్నది.

టీసీ మాట పోయింది. బెత్తం వచ్చింది. అంతకుముందు తేడా ఉన్న పిల్లని పాపం అనేవాళ్ళు, ఇప్పుడు ముద్ర వేసిన బద్ధకస్తురాలని రేకుల కింద మోకాళ్ళ మీద నిలబెట్టారు. వారం తిరిగేసరికి మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అక్క పసుపు రాస్తుంటే పిల్ల నావైపు తిరిగింది.

"మామ, నువ్వు చెప్పినయన్ని దవాఖానల చెప్పిన గద. మరి ఇంకెందుకు కొడ్తుండ్రు?"

ఈ ప్రశ్న నేను తయారు చేయించిన వాటిలో లేదు.

మర్నాడు నాయనకు చెప్పకుండా అక్కనూ పిల్లనూ తీసుకుని మలక్‌పేట వెళ్ళాను. చెక్కముక్కల దగ్గర్నుంచి పిప్పరమెంట్ల దాకా అన్నీ ఒప్పుకున్నాను. డాక్టరమ్మ కొత్త కాగితం ఒకటి పిల్ల చేతికిచ్చి చదవమంది. పిల్ల దాన్ని బుద్ధిగా రెండు చేతులా పట్టుకుని నా ముఖం చూసింది.

"మొదటి మాట చెప్పు మామ."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నేనిక్కడ మార్కులు వెయ్యడానికి కూర్చోలేదు బాబూ. పిల్లకు ఏది రావట్లేదో చూడ్డానికి కూర్చున్నా. మీరు సరిగ్గా అదే దాచిపెట్టారు."

తర్వాత అక్కతో చాలాసేపు మాట్లాడింది. కుదురు లేకపోవడం పొగరు కాదనీ, అక్షరాలు పట్టుబడకపోవడం బద్ధకం కాదనీ చెప్పింది. ఇంగ్లీషులో ఏవో పెద్ద పేర్లున్నాయట. తెలివి మాత్రం నిజంగానే ఉందట, అందులో నా ట్యూషన్ గొప్పేమీ లేదట. కొట్టకూడదు, నడుమ నడుమ లేచి తిరగనివ్వాలి, ప్రశ్నలు చదివి వినిపించి జవాబులు నోటితో చెప్పించుకోవాలి అని రాసిచ్చింది.

అక్క ఆ కాగితం చూపిస్తే నాయన మూడు రోజులు దాన్ని తిప్పి తిప్పి చదివాడు. నాలుగో రోజు, "ఫస్ట్ క్లాసుల పాసైన పొల్లను పట్కపోయి ఫెయిల్ చేయించినవ్ గదరా" అన్నాడు. ఈ కాగితం బడికి పోవడానికి వీల్లేదని బీరువాలో పెట్టాడు. అక్క ఆయన ఎదుటే బీరువా తెరిచి దాన్ని తీసుకుంది. మా ఇంట్లో ఆయన పెట్టిన కాగితాన్ని ఇంకొకరు ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితం చదివి బెత్తం ఆపడానికి ఒప్పుకుంది. ప్రశ్నలు చదివి వినిపించడానికి మాత్రం మనుషుల్లేరంది. అక్క నన్ను చూపించింది.

అందుకే హాఫ్ ఇయర్లీ పరీక్షకు నేను మూడో తరగతి బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాను. రాత కూడా నాకిచ్చే ధైర్యం లేక, జవాబులు రాసుకునేందుకు మాత్రం ఒక టీచరమ్మను పక్కన పెట్టారు. నేను జవాబులు అందిస్తానని అనుమానం కాబోలు, హెడ్‌మిస్ట్రెస్ సరిగ్గా నా వెనకే నిలబడింది. నా రికార్డుకు అది తగిన మర్యాదే.

పిల్ల మూడుసార్లు లేచి షెడ్డంతా చుట్టొచ్చింది. వచ్చిన ప్రతిసారీ నిలబడే జవాబు చెప్పింది. ఎనిమిదో ప్రశ్నకు ఆగిపోయి నా ముఖం చూసింది. జవాబు నాకు నాలుక చివర ఉంది. పళ్ళు బిగించి ప్రశ్న మరోసారి చదివాను.

పిల్ల నా ముఖం వదిలి టీచరమ్మ వైపు తిరిగింది.

"గిది నాకు రాదు" అంది. "తర్వాతది చదువు మామ."