మాస్టారి వైపు పెడల్

కారు మలుపు తిప్పడం నేర్పాలంటే ఆ డ్రైవింగ్ స్కూలు మాస్టారి తర్వాతే ఎవరైనా. నేర్చుకునేవాళ్లని కొండదారికి తీసుకెళ్లి ఒకటే పాట పాడేవాడు: "బ్రేకు మలుపుకి ముందే. తిరిగేటప్పుడు దాని జోలికి పోకు, టైరు పట్టు తప్పుతుంది. చూపు లోయ మీద కాదు, దారి బయటపడే చోట పెట్టు. కారు ముక్కు తిన్నగా అయ్యాకే యాక్సిలరేటర్ తొక్కు. ముందు తగ్గినవాడే తర్వాత పరిగెత్తేది."

స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. నేర్చుకునేవాళ్లకొకటి, పక్కన కూర్చునే మాస్టారికొకటి. "నా వైపుది తుప్పు పట్టిపోతోందయ్యా, దాంతో పనే పడదు" అని ఆయన కోతలు కోసేవాడు. అందరూ నమ్మారు. ఆయనా నమ్మాడు, చిక్కంతా అక్కడే వచ్చింది.

కూతురికీ ఆ కారులోనే నేర్పాడు. పిల్ల వెన్నలా మలుపులు తిప్పేస్తుంటే మురిసి ముక్కలైపోయేవాడు. ఉద్యోగంలో చేరి అది సొంతంగా కారు కొనుక్కుంది. కొన్న వారంలోనే తమ్ముణ్ణి ఎక్కించుకుని అదే కొండదారి పట్టింది. మలుపులోకి జోరుగా వెళ్లిపోయాక కంగారుపడి బ్రేకు తొక్కింది. కారు జారి రాతిగోడకి కొట్టుకుంది, తమ్ముడు కూర్చున్న వైపు. పిల్లకి చిన్న గాయాలయ్యాయంతే. వాడు అక్కడికక్కడే పోయాడు.

"నాన్న నేర్పినట్టే నడిపాను" అని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"నడిపుంటే వాడు బతికుండేవాడు" అన్నాడు మాస్టారు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. ఆ ఒక్క ముక్క చాలదూ? తల్లి దాన్నే పట్టుకుంది. మళ్లీ కూతురి మొహం చూడలేదు, పలకరించలేదు. పిల్ల సంచి సర్దుకుని ఊరికి ఆ చివర అద్దె గదిలోకి వెళ్లిపోయింది.

కొన్ని నెలలకి స్కూలు కారు బ్రేకులు కీచుమంటున్నాయని మాస్టారు దాన్ని మెకానిక్ దగ్గర పెట్టాడు. మెకానిక్ లోపలికి దూరి, తల బయటపెట్టి నవ్వాడు. "ఇదేంటండీ మాస్టారూ, వాళ్ల వైపు పెడల్ రబ్బరు కొత్తదానిలా ఉంది. మీ వైపుది అరిగి ఇనుము తేలింది. బండంతా మీరే నడుపుతున్నట్టున్నారే."

మాస్టారికి నవ్వు రాలేదు. మర్నాడు పాఠానికి వెళ్లినప్పుడు తన కాలినే చూస్తూ కూర్చున్నాడు. మలుపు రాబోతుండగా, నేర్చుకునే అమ్మాయి కాలు కదపకముందే, ఆయన కాలు వెళ్లి పెడల్‌ని మెత్తగా నొక్కేసింది. మళ్లీ మలుపు, మళ్లీ అంతే. నోరు పాఠం చెబుతోంది, కాలు పని కానిచ్చేస్తోంది. ఇన్నేళ్లూ ఇదే భాగోతమన్నమాట.

"బాగా తిప్పానా సార్?" అని అమ్మాయి సంబరంగా అడిగింది. ఆయన బండి పక్కకి ఆపించి, దిగి, గట్టు మీద కూలబడ్డాడు.

అటునుంచటే కూతురి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అది ఉతికిన బట్టలు మడతపెడుతూ వింది.

"నాకు ఆ తర్వాత అనుమానం వచ్చింది నాన్నా. మలుపు దగ్గరికొస్తే కారు దానంతటదే తగ్గుతుందనుకున్నాను. మన స్కూలు కారు ఎప్పుడూ తగ్గేది."

"మరి ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"చెప్తే నువ్వు బతుకుతావా? అమ్మకి మాత్రం చెప్పకు. నన్ను తిట్టుకుంటూ ఎలాగో లాక్కొస్తోంది. నిన్ను కూడా తిట్టుకోవాల్సొస్తే ఇంక ఎవరున్నారు అమ్మకి?"

మాస్టారు గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కానీ మాట వినలేదు. ఇంటికెళ్లి భార్యని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆవిడ చివరిదాకా వింది. చెప్పులేసుకుని వెళ్లి, కూతుర్ని సంచితో సహా ఇంటికి తీసుకొచ్చింది. దారి పొడుగునా దాని చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ముగ్గురూ ఒక్క బల్ల దగ్గరే తింటారు. తల్లి కూతురికి కొసరి కొసరి వడ్డిస్తుంది. మాస్టారి కంచం ఖాళీ అయితే మాత్రం కూతురి వైపే చూస్తూ, "ఇంకాస్త కావాలేమో అడుగు" అంటుంది.

"కావాలా నాన్నా?"

"చాలమ్మా" అంటాడాయన. కడుపు సగం కూడా నిండకుండానే చెయ్యి కడుక్కుంటాడు.