చల్లటి పూట వంచి చూసిన రెక్క

ఒక అబద్ధాన్ని పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాను. దాని బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాకు కల్లూరులో బియ్యం వేయించి బొరుగులు చేసే బట్టీ ఉండేది. మా ఆయన పోయాక నేనే నడిపాను. చదివింది నాలుగో తరగతే అయినా, ఏ వస్తువు ఎన్నాళ్ళు మన్నుతుందో చేత్తో పట్టుకుని చెప్పగలనని గర్వం. పొయ్యి పక్కన పొగ లాగే ఫ్యాను ఉండేది. దాని రెక్క ఒకటి చీలింది. ఫ్యాను చేసిన కంపెనీ రెక్కే తెప్పించమన్నాడు మద్దిలేటి. మా బట్టీలో పాత పనివాడు. యంత్రం బాగోగులు చెవితోనే పసిగట్టేవాడు. నాకు దండగ ఖర్చు అనిపించింది. పాత డ్రమ్ము రేకుతో కమ్మరి చేత అదే కొలతకు రెక్క కోయించి బిగించాను. పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందు, దాని కొనను బొటనవేలితో వంచి వదిలాను. టక్కున లేచి నిలబడింది.

"చూడప్పా, ఎట్ల లేస్తాండాదో. దీనికేమి రోగం?" అన్నాను.

"చల్లగా ఉంటే నేను గూడా మంచోన్నేమ్మా," అని నవ్వాడు. "కాగినాంక చూడల్ల దాని సంగతి."

మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"అమ్మా, సద్దు మారింది. రెక్క యాడనో తగులుతాండాది. పొయ్యి ఆర్పుతా."

"ఈ వాయి కానీ. ఆర్పితే మళ్ళా కాగేదానికి ఎంత పొట్టు కాలల్లో తెలుసా? నీ చెవులకు శానా తీరిక ఉన్నెట్లుండాది."

"నా చెవులదేముందమ్మా. నీ రేకే అరుస్తాండాది."

"పో, పని చూడుపో."

పోయాడు. కాసేపటికే రెక్క విరిగి, ఫ్యాను మూతను చీల్చుకుని వచ్చింది. అతని కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. జనం పరిగెత్తుకొచ్చారు. అతనికి స్పృహ లేదు. ఏమైందని అడిగారు. "తిరిగే ఫ్యానులో చెయ్యి పెట్టినాడు," అన్నాను.

ఆ మాట నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది? పోలీసులంటే భయమా? నా తెలివి నలుగురిలో పలచనవుతుందనా? విరిగిన రేకును పొట్టు గుట్టలో దాచి, వారం తిరక్కుండా కంపెనీ రెక్కే తెప్పించాను. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకుంటే, ఎంత మంచి తల్లి అన్నారు. కాదనలేదు. మద్దిలేటిని మాత్రం తర్వాత ఏ బట్టీవాళ్ళూ యంత్రం దగ్గరికి రానివ్వలేదు. "అంత ఒళ్ళు మరిచి ఎట్ల పెట్టినావు చెయ్యి?" అని అతని భార్య నా ఎదుటే అతన్ని తిట్టింది. అతను నా ముఖం చూశాడు. ఆసుపత్రి డబ్బు నాదని కాబోలు, తర్వాత నేల చూశాడు.

నా మనవరాలు కడపలో ఇంజనీరింగు చదువుతోంది. విమానాల ఇంజన్లలో తిరిగే టర్బైను రెక్కల గురించి మొన్న చెప్పింది. కాగేకొద్దీ లోహంలో బిర్రు తగ్గుతుందట, వంచితే తిరిగి లేచే బలం సడలుతుందట. అందుకే ఆ రెక్కలకు ఎన్నో లోహాలు కలిపిన ప్రత్యేకమైన లోహం వాడతారట. "చల్లగా ఉన్నప్పుడు వంచి చూస్తే ఏం తెలుస్తాది అవ్వా? అది పనిచేసే వేడిలోనే పెట్టి చూడల్ల," అంది. అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

ఒక్క క్షణం ఊరట కూడా కలిగింది. చదువు లేనిదాన్ని, నాకేం తెలుసు అనుకున్నాను. కానీ ఆ సాకు నేను రెక్క బిగించిన పొద్దుటికే సరిపోతుంది. మధ్యాహ్నం అతను వచ్చి చెప్పినప్పుడు నాకు తెలియనిది ఏముంది? తర్వాత నేను అన్న మాటకు ఏ చదువు కావాలి?

మద్దిలేటి ఈ ఏడు ఎండాకాలంలో పోయాడు. శవం దగ్గర కూడా ఎవరో ఆ చెయ్యి చూపించి, నిర్లక్ష్యం మనిషి అన్నారు. పూలదండ పట్టుకుని నిలబడే ఉన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేడు. ఈ కాగితం అతని భార్యకు చదివి వినిపిస్తాను. ఆమె ఏమంటుందో నాకు తెలియదు. రాస్తుంటే మాత్రం, ఇన్నేళ్ళకు మొదటిసారి ఊపిరి నిండుగా అందుతోంది.

మద్దిలేటి ఫ్యానులో చెయ్యి పెట్టలేదు. ఆ మధ్యాహ్నం నేను పొమ్మన్నచోట, పొయ్యి ముందు నిలబడి, నేను చెప్పిన వాయి వేయిస్తున్నాడు.