పీచు మిల్లు మీద ఇంటావిడ అర్జీ

రాజోలు దగ్గర కొబ్బరి పీచు మిల్లు నడిపే ప్రకాశరావుకి ప్రభుత్వమంటే లెక్కలేదు, పాస్టరుగారంటే కొంచెం లెక్క, భార్య హన్నా అంటే భయం. భయమని మాత్రం చచ్చినా ఒప్పుకోడు. పీచు తీసే కొబ్బరి డొక్కలు నానబెట్టిన ఎర్రనీళ్ళని పదకొండేళ్ళుగా పంట కాలువలోకే వదిలాడు. కాలువేదో తన బాబుగారి సొత్తయినట్టు!

మొన్న వేసవిలో కాలుష్యం ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నెల తరవాత ఒక్క చుక్క బయటికి పోయినా మిల్లుకి తాళం. తాళం పడితే అతని బతుకుతోపాటు పన్నెండుమంది ఆడవాళ్ళ కూలీ పోతుంది. ఫిర్యాదు చేసినవాణ్ణి ప్రకాశరావు ఏడు తరాలు ఎత్తి తిట్టాడు. తీరా అర్జీ నకలు తెప్పించి చూస్తే మొదటి సంతకం హన్నాది!

"నీకేం పోయేకాలమే?"

"చర్చికి కట్టే తెల్లచీరలన్నీ ఆ కాలవలో ఉతికి ఉతికి టీ రంగుకి తిరిగిపోయేయండి. మీకు పదకొండేళ్ళు చెప్పేను. మీరు వినలేదు, ఆళ్ళు విన్నారు."

ప్రకాశరావు దొంగ ఉపాయం ఒకటి పన్నాడు. డొక్కలు నానబెట్టే తొట్టి పక్కన గుంట తవ్వి, పాత మోటారు బిగించి, ఎర్రనీళ్ళని మళ్ళీ తొట్టిలోకే తిప్పాడు. తనిఖీకొచ్చే ఆఫీసరమ్మ చూసి వెళ్ళగానే గుంట గట్టు తెగ్గొట్టి, నీళ్ళు మళ్ళీ కాలువలోకే వదిలెయ్యాలని అతని ఎత్తు.

కానీ ఆ పాతనీళ్ళలో వేసిన డొక్కలు వారానికి బదులు నాలుగు రోజులకే మెత్తబడ్డాయి. పీచు సులువుగా ఊడివస్తోంది. మనవాడికి మతిపోయింది.

"పాలల్లో తోడేస్తే పెరుగవ్వదేంటండీ? ఇదీ అంతే," అంది హన్నా. గట్టు తెగ్గొట్టే ఆలోచన ఆ పూటే వదిలేశాడు.

గడువు రోజున ఆఫీసరు సౌజన్య వచ్చి, కాలువ గట్టంతా తిరిగి, చుక్క కారడం లేదని రాసుకుంది. "ఈ ఆలోచన ఎవరిదండీ?" అని అడిగింది.

"ఆయ్, నాదేనండీ!" అన్నాడు సిగ్గులేకుండా. ఎదురుగా ఉన్న హన్నా నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకి అతనికి రెండు రోజులు అన్నం సహించలేదు.

మరుసటి వారం అలాంటి నోటీసే పట్టుకుని పక్కూరి మిల్లు గంగబాబు వచ్చాడు. "గుంట ఎంత లోతు తవ్వించేరండీ?"

ప్రకాశరావు వంటింట్లోకి వినపడేలా గొంతు పెంచాడు. "గుంట సంగతి తరవాత చూద్దారండి. ముందు ఇంటికెళ్ళి, మీ ఆవిడ ఇన్నేళ్ళూ ఏం చెప్తందో వినండి. నేను వినలేదండీ. నా మీద నా పెళ్ళాం అర్జీ పెట్టుకోవాల్సొచ్చింది."