మబ్బు లేని చోట పిడుగు

ములకలపల్లిలో బస్సు దిగి ఇంటిదాకా దాదాపు పరుగెత్తాను. డిగ్రీ పాసైన రోజు కూడా అంత సంబరం లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఆ చదువుతోనే ఖమ్మంలో ఒక కాలేజీ మేడ మీద, పిడుగులను పట్టే హైస్పీడ్ కెమెరా దగ్గర పని దొరికింది. నిన్న సాయంత్రం దానికి చిక్కిన దృశ్యం ఇప్పుడు నా ఫోన్లో ఉంది.

అమ్మ, పక్కింటి పెద్దమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు.

"ఏందే, పిడుగులకు ఫోటోలు తీస్తున్నవట! నవ్వమని చెప్తవా వాటికి?" అంది పెద్దమ్మ.

"అవ్ పెద్దమ్మా, నీకంటే మంచిగనే నవ్వుతయి," అంటూ అమ్మ పక్కన కూలబడ్డాను. "అమ్మా, దొరికింది. నాయిన మీద పడ్డ అసొంటి పిడుగే."

నా చిన్నప్పుడు నాయిన పోయాడు. ఆ రోజు మబ్బు అడవి అవతల ఎక్కడో ఉరుముతోంది. మా కల్లంలో ఎండ కాస్తోంది. "మబ్బు ఇంకా దూరమే ఉంది, పోయి మిర్చి మీద పట్టా కప్పి రా" అని అమ్మే పంపింది. ఆ ఎండలోనే పిడుగు పడింది. వాన లేని పిడుగు ఊరికే పడదంటూ ఊరు అమ్మ వైపు చూసింది. పేరంటాలకే కాదు, కూలి పనులకూ పిలవడం మానేశారు. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. పంపింది నేనే కదా అనుకుంది.

ఫోన్ ఆమె ముందు పెట్టాను. తెరకు ఒక మూల నల్లటి మబ్బు. దాని పక్క నుంచి సన్నటి వెలుగు తీగ బయటికొచ్చింది. కిందికి దిగలేదు. తేట ఆకాశంలో అడ్డంగా పాకింది, ఆగింది, కొమ్మలు వేసింది, తడుముకుంటూ ఇంకా ముందుకు పోయి ఎక్కడో ఎండున్న చోట నేలను తాకింది.

"చూసినవా? మబ్బు దూరమున్నా వస్తది. ఎవ్వలకూ తెల్వదు. నీ తప్పేం లేదమ్మా."

పెద్దమ్మ చేతులు ఆగిపోయాయి. అమ్మ తెర మీద నుంచి కళ్లు తీయలేదు.

"ఇంతసేపు వస్తదా బిడ్డా? ఇంత మెల్లగ?" అంది. "మరి మీ నాయిన చూసే ఉంటడు గద. ఉరకక ఎందుకు నిలబడ్డడు? పట్టా ఎగిరిపోతదనా?"

కెమెరా రెప్పపాటును సాగదీసి చూపుతుందని ముందే చెప్పాలన్న సంగతి నాకు తోచనే లేదు. "కాదమ్మా, ఇది సాగదీసింది" అని, అసలు వేగంతో పెట్టాను. తెర ఒక్కసారి తెల్లబడింది.

"ఏదీ?"

"అయిపోయింది."

మళ్లీ పెట్టమంది. మళ్లీ తెల్లబడింది.

"ఇంతేనా? నొప్పి తెల్వదు గద?"

"తెలిసే టైమే లేదమ్మా."

అమ్మ కారపు చేతులను కొంగుకు తుడుచుకుని ఫోన్ తానే పట్టుకుంది. ఇంకోసారి చూసింది.

"ఆ మెల్లగ వచ్చేది తీసెయ్ బిడ్డా. ఇదొక్కటే ఉంచు."

ఊరందరికీ చూపించాలని తెచ్చింది ఆ మెల్లటిదే. అమ్మ చూస్తుండగానే తీసేశాను.