చేతికివ్వని ఉప్పు

నా చిన్నప్పుడు మా కొండల్లో ఉప్పును ఎవరూ ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. అలా ఇస్తే ఇద్దరి మధ్యా తగాదా వస్తుందని నమ్మకం. ఇచ్చేవాళ్ళు అడ్డాకులో పోసి కింద పెట్టి పక్కకు జరగాలి, పుచ్చుకునేవాళ్ళు వచ్చి తీసుకోవాలి. చింతపండు చేతికివ్వొచ్చు, నిప్పు ఇవ్వొచ్చు, చంటిపిల్లనైనా ఇవ్వొచ్చు, ఉప్పు మాత్రం కింద పెట్టే ఇవ్వాలి. ఇదంతా ముసలివాళ్ళ చాదస్తమని నేను పైకే అనేదాన్ని. నోరు నాకు అప్పటినుంచీ పెద్దదే. మా నాయనమ్మ చేత ఎన్ని మొట్టికాయలు తిన్నానో లెక్కే లేదు.

ఆ యేడు తొలకరి వానలతోపాటే వాంతుల రోగం దిగింది. గెడ్డ వాగుకు అవతలి ఊళ్ళో పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి ఉండటం లేదని కబురొచ్చింది. మా పెద్దలు దారికి అడ్డంగా నేరేడు కొమ్మలు కొట్టి పడేశారు. అయినా రోగం రానే వచ్చింది, వచ్చి సరాసరి మా పక్కింట్లో పడింది. పక్కింటి అక్క కూతురు మంచం పట్టింది. ఆ పిల్లా నేనూ నేస్తం కట్టుకున్నవాళ్ళం. నేస్తం కట్టుకున్నాక ఇక జన్మంతా ఒకరినొకరు పేరుతో పిలవకూడదు, నేస్తమనే పిలుచుకోవాలి. నా నేస్తం మూలుగు మా తడికలోంచి వినబడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఊరు మాత్రం ఆ ఇంటి వైపు చూడటమే మానేసింది.

నాయనమ్మకు తెలిసిన మందు ఒక్కటే, ఉప్పు వేసిన గంజి. ఎవరికి వాంతులు పట్టుకున్నా గుటక గుటకగా అదే పట్టించేది. అక్క ఇంట్లో నూకలున్నాయి, చోళ్ళున్నాయి, ఉప్పు కల్లు లేదు. మా ఉప్పుకుండ కూడా అడుగంటింది. కొండ మీద మేం ఏదైనా పండిస్తాం గానీ ఉప్పు పండించలేం కదా! అది పల్లపు ఊళ్ళ నుంచి షావుకారు తేవాలి, మేం సంతకు దిగి తెచ్చుకోవాలి.

ఆ వారం నాయనమ్మా నేనూ దిగేసరికి సంత సంతలా లేదు. వచ్చిన ఒక్క ఉప్పు షావుకారూ సగం బస్తానే తెచ్చి, రోగం తగ్గేదాకా ఇక కొండెక్కనని అందరికీ చెబుతున్నాడు. అది విని జనం ఎగబడ్డారు. మేం మా ఉప్పు పుచ్చుకుని పక్కకు వచ్చామో లేదో, ఉప్పుకు మారుగా ఇవ్వడానికి పసుపు కొమ్ముల మూట నెత్తిన పెట్టుకుని పక్కింటి అక్క దిగివచ్చింది. పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి వచ్చిందని అందరికీ తెలుసు. చూసినవాళ్ళు చూసినట్టే చెదిరిపోయారు. షావుకారు గబగబా బస్తా మూతి బిగించి కర్ర అందుకున్నాడు. "అక్కడే ఆగు! ఇటు రాకు!" అని కేకలు పెట్టాడు.

అక్క ఆగిపోయింది. ఏడవలేదు, బతిమాలలేదు. "పిల్లకి ఉప్పు బాబూ" అని మాత్రం అంది. ఆ బస్తా విప్పకపోతే నా నేస్తం చచ్చిపోతుందని నాకు అర్థమైంది. మా ఉప్పులోంచి నాయనమ్మ ఎలాగూ ఇంత పెడుతుంది, కానీ మా మూటలో ఉన్నదెంత, అది ఎన్నాళ్ళు వస్తుంది? పైగా నాయనమ్మ ఎక్కడ ఆమె దగ్గరికి వెళ్ళిపోతుందోనని ఇంకో భయం. నాయనమ్మ చీర కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

నాయనమ్మ వెళ్ళలేదు. ఉన్నచోటనే నిలబడి, నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి, షావుకారును నింపాదిగా అడిగింది. "ఏటి బాబూ, కొత్తగా సేత్తన్నావు? నువ్వు ఉప్పు ఎవుల సేతికైనా ఎప్పుడైనా ఇచ్చావేటి? ఆకులో పోసి కింద ఎట్టి జరుగుతావు గదా. దానికీ అలాగే ఎట్టు. అది పసుపు అక్కడెట్టి పోతాది. ఎండ తగిలాక తీసుకుందువులే."

నాయనమ్మ అడిగింది షావుకారు రోజూ చేసే పనే మరి. కర్ర పక్కన పడేసి, అడ్డాకు పరిచి, ఉప్పు కొలిచి పోసి, రాతి బండ మీద పెట్టి వెనక్కి జరిగాడు. అక్క వంగబోతుంటే "ఉండు" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన మళ్ళీ ముందుకొచ్చి, ఇంకో గుప్పెడు ఆ కుప్ప మీద కొసరు వేసి వెళ్ళాడు. భయమైతే ఉంది గానీ కొసరు వేయకుండా ఆయన చెయ్యి ఊరుకోలేదు. అంతవరకూ ఏడవని అక్క, ఆ కొసరు చూసి భోరున ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి నాయనమ్మ రెండిళ్ళ మధ్య ఉన్న బండ మీద రోజూ ఏదో ఒకటి పెట్టి, "ఉప్పెట్టానే, బేగి తీసుకో!" అని ఊరంతా వినబడేలా కేకేసేది. చూస్తే ఒకనాడు అల్లం, ఒకనాడు ఎండు పుల్లలు. ఉప్పు కానిదాన్ని ఉప్పంటావేమని నేను నిలదీశాను. "రోగమని దూరంగా ఎట్టాననుకుంటే దాని మనసు ఇరిగిపోద్ది గుంటా. ఉప్పని ఎట్టాననుకుంటే ఏటీ అనుకోదు" అంది. నా నేస్తం బతికింది. జుట్టు ఊడిపోయి, కళ్ళు లోపలికి పోయి, కోడిపిల్లలా వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

మొన్న కరోనా వచ్చినప్పుడు మావాళ్ళు దారికి మళ్ళీ కొమ్మలు కొట్టారు. సంత ఆగిపోయింది. రోడ్డు మీది కిరాణా కొట్టు కుర్రాడు మొహం తిప్పుకుని, పొడుగాటి గొట్టంలోంచి బియ్యం జారవిడిచేవాడు. పట్నంలో పనికెళ్ళిన మా మనవడు నడిచి వచ్చి జ్వరంతో పడ్డాక ఆ గొట్టం కూడా మాకు మూసుకుపోయింది. ఫోన్ చేస్తే తరవాత చూద్దామని పెట్టేశాడు. నూనె లేదు, పప్పు లేదు. మనవడి దగ్గు వింటూ, ఖాళీ డబ్బాలే మళ్ళీ మళ్ళీ తడుముతూ కూర్చున్నాను. ఇంత వయసొచ్చాక నన్ను చూసి జనం పక్కదారి పడుతుంటే ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా.

ఒక పొద్దున వాకిలి అవతల నుంచి కేక వినబడింది. "నేస్తం! ఉప్పెట్టాను, బేగి తీసుకో!"

తలుపు తీశాను. నా నేస్తం పైట మూతికి చుట్టుకుని, కర్ర ఆనుకుని, ఆయాసపడుతూ నిలబడి ఉంది. ఊరి ఆ చివరనున్న తన అత్తవారింటి నుంచి మోసుకొచ్చిన సంచి మా వాకిలి ముందరి బండ మీద పెట్టి వెనక్కి జరిగింది. విప్పి చూస్తే నూకలు, పప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు, మనవడికి బిస్కెట్లు. ఉప్పు మాత్రం లేదు.

"ఉప్పేదే?" అని అరిచాను.

నవ్వింది. నవ్వి మళ్ళీ ముందుకొచ్చి, చెంగు ముడి విప్పి, ఒక బెల్లం ముక్క ఆ సరుకుల మీద పెట్టి వెళ్ళింది. ఆ కొసరు చూశాక, వాళ్ళమ్మ ఆనాడు ఏడ్చినట్టే నేనూ ఏడ్చాను.

మనవడు కోలుకున్నాడు. ఇప్పుడు మా కోడలు ఉప్పు ప్యాకెట్ చేతికివ్వబోతే కింద పెట్టమంటాను. చాదస్తమంటుంది. అననీ. ఎవరికైనా దూరం జరగాల్సి వస్తే జరుగుతాను గానీ, వాళ్ళ కోసం ఏదో ఒకటి బండ మీద పెట్టి, గట్టిగా కేకేసిన తరవాతే జరుగుతాను.